పూతరేకుల ఊళ్లో షుగర్ మిషన్

నేను ఒక షుగర్ మిషన్‌ని. పెట్టె మీద గ్లూకోమీటర్ అని అచ్చువేశారు కానీ, ఆ పేరుతో నన్ను పిలిచే మనిషిని ఈ ఊళ్లో ఒక్కరినే చూశాను. మిగతావాళ్లందరికీ నేను షుగర్ మిషన్నే. పేరు విని చెరకు ఆడే మరనేమో అనుకునేరు, కాదు. అరచేతిలో పడతాను. తెల్లటి ఒళ్లు, పొట్ట మీద చిన్న అద్దం, ఒకే ఒక బొత్తం. మనిషి వేలి కొసన ఒక చుక్క నెత్తురు తీసుకుని అందులో తీపి ఎంతుందో చెప్పడం నా ఉద్యోగం. చుక్కంటే ఆవగింజంత. ఆ మాత్రానికే మీసాలు మెలేసే మగాళ్లు కూడా మొహం పక్కకి తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకుంటారు. నేనేదో బిందెడు తోడేస్తున్నట్టు!

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక పెద్ద షెడ్డులో, నెత్తికి టోపీలు పెట్టుకుని మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నన్ను ముక్కలు ముక్కలుగా తెచ్చి అతికించారు. పుట్టీ పుట్టగానే నా నోట్లో తీపినీళ్ల చుక్క వేసి పరీక్ష పెట్టారు. నీళ్లలో ఎంత కలిపారో అంతే చెప్పాను. పాసయ్యానన్నారు. నేను రాసిన పరీక్ష అదొక్కటే, ఆ తర్వాత అందరికీ నేనే పెడుతున్నాను. నన్నొక నల్ల సంచీలో వేసి, పక్కన సూది పెన్నూ నెత్తురు చుక్క పట్టే స్ట్రిప్పుల డబ్బా పెట్టి జిప్పు లాగారు. ఆ రెండూ లేకపోతే నేను ఎందుకూ కొరగాను, ఆ మాట కూడా చెప్పేస్తున్నాను.

అక్కణ్నించి లారీలు మారి, బస్సు టాపెక్కి, గోదావరి దాటి ఆత్రేయపురం చేరాను. ఊరి పేరు వినగానే మీ నోట్లో నీళ్లూరి ఉంటాయి. అవును, పూతరేకుల ఊరే. కుండ బోర్లించి లోపల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద లాగితే, కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. దానికి నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, జీడిపప్పూ ఖర్జూరం ముక్కలూ వేసి మడతపెడతారు. షుగర్ మిషన్‌ని తెచ్చి అలాంటి ఊళ్లో దింపినవాడెవడో గానీ, వాడికి వేళాకోళం బాగా తెలుసు.

కాలవ గట్టు రోడ్డు మీద హైమా మెడికల్స్ అని ఒక మందుల షాపుంది. అది హైమావతి గారిది. ఫార్మసీ చదువుకుని సొంత ఊళ్లోనే షాపు పెట్టుకున్న మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన. నన్ను అద్దాల బీరువాలో పైఅరలో కూర్చోబెట్టారు. కొనేవాళ్లు వచ్చేదాకా నాకు వేరే పనేముంది? ఊరి జనాన్ని చూస్తూ కాలక్షేపం చేశాను. అంతకన్నా మంచి కాలక్షేపం ఇంకోటుంటుందని నేననుకోను.

షాపులో ఓ మూల బల్ల, రెండు కుర్చీలు ఉండేవి. బీపీ చూపించుకోవాలన్నా, షుగర్ చూపించుకోవాలన్నా అక్కడే. గుమ్మం బయట బరువు చూసే మిషన్. దాని మీద ఎక్కబోయేముందు మనుషులు చెప్పులు విప్పుతారు, జేబులో ఫోన్ తీసి పక్కవాడికిస్తారు, కొందరు ఊపిరి కూడా బిగబడతారు. అంతా చేసి ముల్లు చూసుకుని, "ఈ మిషన్ పాడైపోయిందండీ" అంటారు. బీపీ మిషన్ కష్టాలు వేరు. అది జబ్బకి పట్టా చుట్టుకుని ఊపిరి బిగబట్టి లెక్క చూస్తుంటే కాసేపు నోరు మూసుకు కూర్చోవాలి. గోదావరి జిల్లా మనిషిని మాట్లాడకుండా కూర్చోమనడం ఎంత అన్యాయమో ఆలోచించండి. "మాట్లాడకండి" అని హైమ గారంటే, "అబ్బే, నేనెక్కడ మాట్లాడుతున్నానండీ, ఆయ్" అని ఇంత కథ చెప్పేవారు. బీపీ పెరిగిపోయేది. మళ్లీ మొదట్నించీ చూడాల్సి వచ్చేది.

షుగర్ చూపించుకోవడానికి వచ్చినవాళ్లని ఆవిడ ముందు పంపు దగ్గరికి తోలేవారు. సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని వస్తే తప్ప సూది తీసేవారు కాదు. "ఇంటి దగ్గర కడుక్కునే వచ్చానమ్మా" అనేవారు కొందరు. "దారిలో ఏమేం ముట్టుకున్నారో నాకెలా తెలుస్తుంది? కడుక్కుని రండి" అనేవారావిడ. ఇంకో పట్టుదల కూడా ఉండేది. డాక్టరు చీటీ లేకుండా షుగర్ బిళ్ళ ఒక్కటి కూడా ఇచ్చేవారు కాదు. బతిమాలినా, బంధుత్వం కలిపినా, ఆఖరికి అలిగి వెళ్లిపోయినా ఇచ్చేవారు కాదు. ఊళ్లో సగంమంది ఆవిణ్ని తిట్టుకునేవారు. మిగతా సగం భయపడేవారు. అందరూ ఆ షాపుకే వచ్చేవారు.

అలా ఉండగా ఒకరోజు గవర్రాజు వచ్చాడు. కొబ్బరికాయల లోడింగు మేస్త్రీ, భారీ మనిషి, గొంతు కూడా భారీయే. ఆయనకి షుగర్ ఉంది. ఇంట్లోనే చూసుకుంటూ ఉండమని డాక్టరు చెప్పాడట. హైమ గారు నన్ను బీరువాలోంచి దింపి, ఎలా వాడాలో మొదట్నించీ చూపించారు. స్ట్రిప్పు ఎలా పెట్టాలి, సూది ఎంత లోతుకి తిప్పుకోవాలి, చుక్క ఎక్కడ తాకించాలి, అన్నీ. ఆవిడ ఒక్కో మాటా చెబుతుంటే, ఆయన ఆ మాట పూర్తవకుండానే తలూపేవాడు.

"చేతులు తప్పకుండా కడుక్కోవాలి బాబాయ్. ఎందుకంటే..."

"తెలుసండి హైమమ్మగారూ, శుభ్రంగా ఉండాలి కదండీ. ఆ మాత్రం తెలవదేంటండీ, ఆయ్."

ఇంతలో ఎవరో జ్వరంతో ఉన్న పసిబిడ్డని ఎత్తుకుని పరిగెత్తుకు వచ్చారు. హైమ గారు అటు తిరిగారు. ఆ "ఎందుకంటే" తర్వాత మాట అక్కడే ఆగిపోయింది. గవర్రాజు నన్ను సంచీతో సహా చంకలో పెట్టుకుని పెళ్లికొడుకులా బయల్దేరాడు.

వాళ్లిల్లు ముందు ఇల్లు, వెనక రేకుల షెడ్డు. షెడ్డు ఆయన భార్యది. పళ్ళాలమ్మ అంటే ఊళ్లో పూతరేకులు చుట్టడంలో పేరున్న మనిషి. కుండల దగ్గర నలుగురు ఆడవాళ్లు రేకులు లాగుతుంటే, ఆవిడ చాప మీద కూర్చుని చుట్టేది. రేకు మీద బెల్లం పొడి ఆవిడ చల్లుతుంటే చూడాలి. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అని ఉండదు. రేకు చిరగడం అనేది ఆవిడ చేతుల్లో ఎవరూ చూడలేదు. ఆవిడ నోరు కూడా చేతుల్లాగే ఆగేది కాదు. గవర్రాజు మేనత్త కొడుకు కాబట్టి "బావా" అని పిలిచేది. ఆయన "పళ్ళాలూ" అనేవాడు. ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

కొత్త వస్తువు వచ్చిన ఇంట్లో ఊరుకుంటారా? ముందు గవర్రాజు తన వేలు పొడుచుకున్నాడు. తర్వాత కుండల దగ్గరున్న ఆడవాళ్లనందర్నీ పిలిచాడు. వాళ్లలో తాయారు అని ఒకావిడ ఉండేది, ప్రపంచంలో ఏ జబ్బుకైనా ఆవిడ దగ్గర ఓ ఆకు ఉంటుంది. ఆవిడ మాత్రం సూదిని చూసి షెడ్డు దాటి పారిపోయింది. ఆఖరికి ఆయన కళ్లు భార్య మీద పడ్డాయి.

"పళ్ళాలూ, ఓసారి ఇలా రా. నీది కూడా చూసేద్దాం."

"నాకేం రోగవని చూత్తావు? పనిలో ఉన్నాను బావా."

"ఒక్క చుక్కే. చీమ కుట్టినట్టుంటది, అంతే."

ఆవిడ విసుక్కుంటూ లేచి, చేతులు పమిట చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. నేను ఆ చేతుల్ని చూశాను. వేళ్ల నిండా బెల్లం పొడి, దాని మీద నెయ్యి, గోళ్ల సందుల్లో ఖర్జూరం గుజ్జు. చెంగు అటూ ఇటూ రాస్తే పోయే సరుకు కాదది.

"చేతులు కడుక్కోవాలన్నారు హైమమ్మగారు, శుభ్రంగా లేపోతే" అన్నాడు గవర్రాజు.

"శుభ్రంగా లేవా ఏంటి? బెల్లం మురికా? నెయ్యి మురికా? దేవుడికి నైవేద్యం పెట్టేవే కదా పొద్దున్నుంచీ ముట్టుకుంటున్నాను!"

షెడ్డులో అందరూ అవునన్నారు. ఆ ఊళ్లో మట్టి మురికి, గ్రీజు మురికి, చేపల పొలుసు మురికి. బెల్లాన్ని మురికన్నవాణ్ని ఊరవతలికి తరిమేస్తారు. గవర్రాజుకీ ఆ మాట సబబుగానే తోచింది. టక్కున పొడిచాడు. నెత్తురు చుక్క వేలి మీదున్న బెల్లాన్ని కరిగించుకుని నా నోట్లోకి వచ్చింది.

అయ్యా, నా సంగతి మీరు తెలుసుకోవాలి. నా నోట్లోకి వచ్చిన తీపి ఎంతో అంతా కలిపి చెప్పడమే నాకు నేర్పారు. అందులో నెత్తురుది ఎంత, వేలిది ఎంత అని విడదీసే చదువు నాకు చెప్పలేదు. మూడు వందల ఎనభై ఆరు అని చూపించాను.

నూటికి కాస్త అటూ ఇటూ ఉండాల్సిన లెక్క అది. గవర్రాజు నన్ను దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు, అద్దం లుంగీకి తుడిచి చూశాడు. అంకె మారలేదు. పళ్ళాలమ్మ మెల్లిగా చాప మీద కూలబడింది. ఆవిడ అక్కకి షుగర్ ముదిరి కాలు తీసేశారు. ఆ అక్కని పట్టుకుని స్నానానికి తీసుకెళ్లింది, చీర కట్టింది అన్నీ ఈవిడే. నా అద్దంలో అంకె కనపడగానే ఆవిడ చూసుకున్నది తన పాదాల వంక. నాకు చాలా బాధేసింది. కానీ ఏం చెయ్యను, నోరున్నది తినడానికే తప్ప మాట్లాడ్డానికి కాదాయె.

మరి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అనుకున్నాను. కానీ మనుషులకి ఒక తమాషా లెక్క ఉంది. ఇల్లు ఊడ్చుకున్నాకే పనిమనిషిని పిలిచే రకం. "ఇంత షుగర్ పెట్టుకుని ఎళ్తే డాక్టరు తిడతాడు బావా. కాస్త తగ్గించుకుని అప్పుడెళ్దాం" అంది పళ్ళాలమ్మ. గవర్రాజుకీ అది బుద్ధిగానే కనిపించింది. హైమ గారిని అడుగుదామా అంటే, ఆవిడ ముందు చీటీ తెమ్మంటుంది, తర్వాత తిడుతుంది. అందుకని ఆ గడపా తొక్కలేదు.

"నా బిళ్ళలున్నాయిగా" అన్నాడు గవర్రాజు. "ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఒకటే మందు. చెరి సగం ఏసుకుందాం."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎంత మెత్తబడిందో! అంత ప్రేమగా అంత తెలివితక్కువ పని చేసినవాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు. ఆ బిళ్ళ షుగర్ ఉన్నవాళ్లకి తగ్గించడానికి. లేనివాళ్లు మింగితే ఉన్న కాస్తా ఊడ్చుకుపోతుంది. ఆ సంగతి చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

ఇక తాయారు రంగంలోకి దిగింది. పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్లు, ఆ తర్వాత కాకరకాయ రసం, మధ్యాహ్నం నేరేడు గింజల పొడి. అన్నం మాన్పించేసింది. కోనసీమలో పుట్టి అన్నం మానెయ్యడమంటే మాటలా? పళ్ళాలమ్మ గిన్నెడు రాగి జావ తాగి, కంచం వంక చూడకుండా షెడ్డులోకి వెళ్లిపోయేది. బెల్లం పొడి రుచి చూడ్డం కూడా మానేసింది. అదెలా ఉందో వాసన బట్టి చెప్పేది.

ఇంత చేసినా నా అద్దంలో అంకె దిగితేనా? గవర్రాజు పొద్దుటి లోడు ఎత్తించి ఇంటికి వచ్చేసరికి ఆవిడ చాప మీద పనిలో ఉండేది. అప్పుడే చూసేవారు. అదే బెల్లం, అదే చెంగు, అదే వేలు. మూడు వందల పైనే. కొత్త బెల్లం దిగి చేతులకి బాగా అంటుకున్న రోజున ఇంకా పైకి పోయేది. ఒకసారి మాత్రం కుడి వేళ్లన్నీ సూదిపోట్లతో నొప్పెడుతున్నాయని ఎడమచేయి చాపింది. రేకు పట్టుకునే చేయి అది, బెల్లం తక్కువ. సగానికి సగం తగ్గి కనిపించింది. షెడ్డంతా నోరెళ్లబెట్టింది. తాయారు బుగ్గన వేలేసుకుని చాలాసేపు ఆలోచించి తేల్చింది.

"అయితే జబ్బు కుడిపక్కనే ఉందన్నమాట. కుడిపక్క తిరిగి పడుకోకండి వదినా."

పాపం, పళ్ళాలమ్మ అలాగే చేసింది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక సంచీలో పడి ఉన్నాను.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆవిడకి తగ్గట్లేదని గవర్రాజు సగం బిళ్ళ కాస్తా మొత్తం బిళ్ళ చేశాడు. "మరి నీకో?" అని ఆవిడ అడిగితే, "నేను వేరే డబ్బా తెచ్చుకున్నాలే" అనేవాడు. వేరే డబ్బా లేదు. నా సంచీ పక్కనే ఉండేది ఆ బిళ్ళల అట్ట, నాకు తెలియదా? ఆవిడ చూస్తుండగా ఉత్త నోట్లో ఏదో వేసుకున్నట్టు చేసి, గటగటా నీళ్లు తాగేవాడు. తన వేలు పొడుచుకోవడం ఎప్పుడో మానేశాడు. రాత్రిళ్లు ఊరికే లేచి చెంబుడు నీళ్లు తాగి పడుకునేవాడు. కళ్లు లోపలికి పోయాయి. "నువ్వు తగ్గిపోతన్నావేంటి బావా?" అంటే, "నువ్వు అన్నం మానేత్తే నాకు ముద్ద దిగద్దా?" అనేవాడు. అది అబద్ధం కూడా కాదు.

ఇక ఆ రోజు సంగతి. రాజమండ్రిలో పెళ్లివారికి పూతరేకులు పంపాలి, వ్యాను వచ్చి వీధిలో నిలబడింది. పళ్ళాలమ్మ పొద్దున బిళ్ళ మింగింది, జావ తాగడానికి కూడా తీరిక చిక్కలేదు. చాప మీద వంచిన తల ఎత్తకుండా చుడుతోంది. ఉన్నట్టుండి ఆవిడ చేతిలో రేకు చిరిగింది. ఇంకోటి తీసుకుంది. అదీ చిరిగింది. కుండల దగ్గరవాళ్లు పని ఆపి అటు చూశారు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. మొహం నిండా చెమట, జాకెట్టు తడిసిపోయింది.

"వదినా, ఏంటలా ఉన్నారు?" అంది తాయారు.

"రేకులు... బావని పిలు... వ్యాను..." అని ఏదో అంది పళ్ళాలమ్మ. మాట ముద్దగా వచ్చింది. గోడకి జారబడిపోయింది.

గవర్రాజు వీధిలోంచి పరిగెత్తుకొచ్చి, ముందు నన్ను లాగాడు. వణుకుతున్న ఆ వేలినే పొడిచాడు. వేలి నిండా బెల్లం. వద్దురా బాబూ, నన్ను అడక్కురా, ముందా చెయ్యి కడగరా అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరికి వినపడుతుంది? రెండు వందల తొంభై ఒకటి.

"షుగరెక్కిపోయింది! షుగరెక్కిపోయి పడిపోయింది! బిళ్ళ తేండి, ఇంకో బిళ్ళ తేండి!"

ఒక పెద్దావిడ పాత అలవాటు కొద్దీ గ్లాసుతో బెల్లం నీళ్లు కలిపి తెచ్చింది. కళ్లు తిరిగినవాళ్లకి ఆ ఊళ్లో అదే ఇస్తారు. "చంపేత్తారా ఏంటి దాన్ని?" అని గవర్రాజు ఆ గ్లాసుని పక్కకి నెట్టేశాడు. చుట్టూ బస్తాల కొద్దీ బెల్లం ఉంది. ఆ మనిషికి కావలసింది అందులో గుప్పెడు. అడ్డం నిలబడింది నేను చూపించిన అంకె. ఇంత బతుకు బతికి నాకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

ఆయన బిళ్ళ ఆవిడ పెదాల మధ్య పెట్టాడు. పళ్లు బిగబట్టుకుని ఉందేమో, అది జారి చాప మీద పడింది. మళ్లీ పెట్టబోయాడు. ఇంతలో తాయారు, ఆకులూ పసర్లూ అన్నీ మరిచిపోయి, ఫోన్ తీసి హైమ గారికి కొట్టింది. "నోట్లో ఏ బిళ్ళా వెయ్యొద్దు! వచ్చేస్తున్నా" అని ఆవిడ అరుపు ఫోన్లోంచి నాకు కూడా వినపడింది. తాయారు గవర్రాజు చెయ్యి పట్టుకుని వదల్లేదు. సూదికి భయపడి పారిపోయిన మనిషి, అంత భారీ మనిషిని ఆపి కూర్చోబెట్టింది.

హైమ గారు షాపు అలాగే వదిలేసి స్కూటీ మీద వచ్చారు. గుమ్మంలో చెప్పులు కూడా విప్పలేదు. పళ్ళాలమ్మ మొహం చూశారు, చెమట చూశారు, ఆ తర్వాత ఆ చెయ్యి చూశారు. నన్ను చూశారు. ఒక్క క్షణం ఆవిడ కళ్లు మూసుకున్నారు.

"ఈ చేతినే పొడిచారా బాబాయ్?"

"అవునండి..."

"సబ్బు, నీళ్లు, తువ్వాలు. త్వరగా!"

చెంబుడు నీళ్లు పోసి, సబ్బు రాసి, గోళ్ల సందుల్లోంచి ఖర్జూరం గుజ్జు తీసి, తువ్వాలుతో నొక్కి నొక్కి తుడిచారు. కొత్త స్ట్రిప్పు పెట్టారు. మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్క నాకిచ్చారు. అబ్బ, ఉత్త నెత్తురు! ఆ ఇంటికి వచ్చాక పళ్ళాలమ్మ అసలు నెత్తురు నేను చూడడం అదే మొదలు. నలభై ఆరు.

"నలభై ఆరు" అన్నారు హైమ గారు గట్టిగా. "షుగర్ ఎక్కలేదు, పడిపోయింది. ఆ బెల్లం నీళ్లు ఇలా తేండి! పిన్నీ, నా మాట వినపడుతోందా? గుటక వెయ్యగలవా?"

పళ్ళాలమ్మ తలూపింది. గ్లాసు నోటి దగ్గర పెడితే గుక్క గుక్కగా తాగింది. కాసేపటికి చేతుల వణుకు నెమ్మదించింది. కళ్లు విప్పి చుట్టూ చూసి, "వ్యాను ఎళ్లిపోయిందా?" అంది. తాయారు బావురుమంది. కుండల దగ్గర ఆడవాళ్లందరూ ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు.

హైమ గారు కాసేపు ఆగి మళ్లీ చూశారు. అంకె పైకి వస్తోంది. "అయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఈ బిళ్ళ పనితనం గంటలో పోయేది కాదు, మళ్లీ పడిపోవచ్చు" అని ఆటోకి కబురు పెట్టారు. ఆటో వచ్చేలోపు గవర్రాజు వైపు తిరిగారు.

"ఎవరి బిళ్ళలు ఇవి? చీటీ లేకుండా ఎవరిచ్చారు?"

"నావేనండి."

"మీవి ఈవిడ మింగితే మీరేం మింగారు?"

హైమ గారు ఆయన చెయ్యి కూడా కడిగించి, వేలు పొడిచారు. నేను చెప్పక తప్పలేదు. మూడు వందల నలభై పైన. ఈసారి బెల్లం లేదు, అబద్ధం లేదు, అంతా ఆయన నెత్తురే.

"చూశారా బాబాయ్? షుగర్ ఉన్న మనిషికి మందు లేదు, లేని మనిషికి ఆ మందంతా" అన్నారు హైమ గారు. తిడదామని మొదలెట్టినట్టున్నారు, కానీ గొంతు మధ్యలోనే మారిపోయింది. "నాది కూడా పొరపాటే. కడుక్కోమన్నాను గానీ, ఎందుకో చెప్పలేదు. వేలి మీద బెల్లం ఉంటే మిషన్ దాన్నీ లెక్కేస్తుంది. అంతే. ఆ ఒక్క మాట."

గవర్రాజు ఆ పెద్ద చేతులతో మొహం కప్పుకున్నాడు. "దాని అక్కలా అయిపోద్దేమోనని భయపడ్డానమ్మా. నా చేతుల్తో నేనే..." అన్నాడు. పళ్ళాలమ్మ గోడకి ఆనుకునే ఆయన్ని చూస్తోంది. అప్పుడే తెలిసింది ఆవిడకి, వేరే డబ్బా లేదని. రోజంతా ఆగని ఆ నోరు ఆగడం నేను అప్పుడే చూశాను.

ఆసుపత్రిలో ఇద్దరినీ పక్క పక్క మంచాల మీదే పడుకోబెట్టారట. పళ్ళాలమ్మకి చేతిలోంచి నెత్తురు తీసి ల్యాబులో చూశారు. షుగర్ లేదు. అసలు ఎప్పుడూ లేదు. గవర్రాజుకి డాక్టరు మందు మార్చి, గట్టిగా చివాట్లు పెట్టి పంపాడు. ఊరంతా ఆ కథే. హైమ గారు ఆ వారం పనిగట్టుకుని షెడ్డు షెడ్డుకీ తిరిగి, వేలి మీద బెల్లం ఉంటే ఏమవుతుందో నన్నే పెట్టి చూపించారు. ఒకే మనిషి, ఒకే వేలు, కడగకముందు ఒక లెక్క, కడిగాక ఒక లెక్క. జనం సర్కస్ చూసినట్టు చూశారు. బెల్లం మురికి కాదు గానీ షుగర్ మిషన్‌కి మాత్రం మురికే అని తాయారు ఊరంతా చెబుతోంది, కుడిపక్క జబ్బు సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం మాట మార్చేస్తోంది.

వాళ్లు ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున సంగతి చెప్పి ఊరుకుంటాను. పళ్ళాలమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని అన్నం కలుపుకుంటోంది. పెరుగన్నం, ఆవకాయ ముక్క. కంచం వంక ఎంత ఇష్టంగా చూసుకుంటోందో చెప్పలేను. గవర్రాజు కొత్త బిళ్ళల అట్ట తీసి, ఒకటి ఊడదీసి, మంచినీళ్ల గ్లాసుతో వచ్చి అలవాటు కొద్దీ ఆవిడ ఎడమ అరచేతిలో పెట్టాడు.

ఇద్దరూ ఆ బిళ్ళ వంక చూశారు.

"ఇది నీది బావా" అంది పళ్ళాలమ్మ. "నోరు తెరు."

ఆయన తెరిచాడు. ఆవిడ బిళ్ళ ఆయన నాలిక మీద పెట్టి, గ్లాసు అందించి, గుటక వేసేదాకా గొంతు వంకే చూసింది.

"ఏదీ, మళ్లీ తెరు. నిన్ను నమ్మను."

అంత మనిషి చిన్నపిల్లాడిలా నోరు తెరిచి, నాలిక ఎత్తి చూపించాడు. ఆవిడకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక ఏడ్చేసింది. "మళ్లీ ఎప్పుడన్నా నీ మందు నాకిచ్చావంటే నీ పని చెప్తాను" అని పెరుగన్నం చేత్తోనే ఆయన చొక్కా పట్టుకుంది. ఆయన వదిలించుకోలేదు. అన్నం మెతుకులు చొక్కాకి అంటుకున్నాయి.

అన్నం తిన్నాక షుగర్ చూసుకుందామనుకున్నారు. మాటల్లో పడి మరిచిపోయారు. మరిచిపోనివ్వండి, రేపు చూసుకుంటారు. నేనెక్కడికి పోతాను?